ఆ వైరు జాయింటులో తప్పు లేదు

గుంటూరులో ఒక కార్ల డీలరు వర్క్‌షాపులో ఇరవై ఏళ్లకు పైగా పని చేశాను. మెకానిక్‌గా చేరాను, ఫోర్‌మన్‌గా దిగిపోయాను. మధ్యలో వచ్చిన మెమోలు, ప్రమోషన్లు, చివర్లో ఇచ్చిన శాలువా, గోడ గడియారం గురించి ఇక్కడ రాయను. గుంటూరు ఎండల్లో శాలువా ఎందుకో ఇచ్చినవాళ్లకే తెలియాలి. గడియారం రెండేళ్లకే ఆగిపోయింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం రాస్తున్నాను. ఒక కారు గురించి రాస్తాను. దాని డాష్‌బోర్డులో వెలిగిన పసుప్పచ్చ లైటు గురించి, ఆ లైటు పేరు చెప్పి మేం ఉద్యోగం ఊడగొట్టిన ఒక మంచి ఎలక్ట్రీషియన్ గురించి రాస్తాను. అతని పేరు మస్తాన్ వలీ. చదివాక మీకు ఎవరి మీద కోపం వస్తుందో నాకు తెలుసు. రానివ్వండి.

మిషను ఏమంటోంది?

మేం పని నేర్చుకున్నవి కార్బొరేటర్ బళ్లు. చెవి పెట్టి వినాలి, ముక్కుతో వాసన చూడాలి, చేత్తో తడమాలి. చిలకలూరిపేట నుంచి ఒక జిన్నింగ్ మిల్లు ఓనరు కారు వచ్చేది. ఏటా పత్తి సీజన్లో ఒకటే గోల, పికప్ లేదు, పికప్ లేదు అని. ఎయిర్ ఫిల్టర్ మూత తీస్తే లోపల దిండు కుట్టుకోవడానికి సరిపడా పింజ. దులిపి పెడితే బండి పరుగు. కానీ ఇంజన్ విప్పామని చెప్తేగానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు. మిర్చి వ్యాపారుల కార్లయితే ఏసీ వేయగానే షెడ్డులో ఉన్నవాళ్లందరం వరసపెట్టి తుమ్మేవాళ్లం. అప్పట్లో జబ్బు ఎక్కడుందో బండి ఏ ఊరిదో చూసి సగం చెప్పేసేవాళ్లం.

తొంభైల చివర్లో కంప్యూటర్ బళ్లు వచ్చాయి. వాటి వెనకే స్కానర్ వచ్చింది. స్టీరింగ్ కింద వైరు గుచ్చితే చిన్న తెర మీద కోడ్ నంబరు చూపించే మిషను. దాని వెనకే హైదరాబాదు నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. మెడలో టై. ఆ టైకి గ్రీజు అంటుతుందని ఇంజన్‌కు మూడడుగుల దూరంలో నిలబడి మాట్లాడేవాడు. ఉన్నన్నాళ్లూ ఆయన బానెట్ కిందకు వంగింది నేను చూడలేదు.

"కోటేశ్వరరావు గారూ, మిషన్ ఏమంటోంది?" అనేవాడు. అదొక్కటే ప్రశ్న. మిషను సెన్సర్ అంటే సెన్సర్ మార్చాలి. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమనే రకం.

ఆక్సిజన్ సెన్సర్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. ఇంజన్ వదిలే పొగ పోయే గొట్టంలో స్పార్క్ ప్లగ్గు లాంటి వస్తువు ఒకటి బిగించి ఉంటుంది. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి కంప్యూటర్‌కు చెప్పడం దాని పని. ఆక్సిజన్ ఎక్కువ మిగిలితే ఇంజన్‌కు పెట్రోలు చాలడం లేదని లెక్క. కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. ఎంత పెంచినా సెన్సర్ అదే మాట చెప్తుంటే డాష్‌బోర్డులో లైటు వెలిగిస్తుంది. అంటే సెన్సర్ ఒక సాక్షి. సాక్షి చెప్పిన మాట నచ్చలేదని సాక్షినే మారుస్తూ కూర్చున్న తెలివిమంతులం మేము.

హెడర్ల పిచ్చి

రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్లకు ఊళ్లో డబ్బున్న కుర్రాళ్లకు హెడర్ల పిచ్చి పట్టింది. నాలుగు సిలిండర్ల పొగను ఒకచోటకు చేర్చే కంపెనీ గొట్టం ఉంటుంది, పోత ఇనుముది, బరువైనది. దాన్ని పీకేసి, నాలుగు పొడుగు గొట్టాలు వంపులు తిప్పి బిగిస్తారు. అవే హెడర్లు. పొగ సులువుగా పోతుంది, పవర్ పెరుగుతుంది అంటారు. బాగా చేస్తే కాస్త పెరుగుతుంది కూడా. మన దగ్గరకు వచ్చేవన్నీ బాగా చేయనివే.

మిర్చి వ్యాపారం చేసే శేషయ్య గారి కొడుకు వెంకట్ ఒకరోజు తెల్ల కారు వేసుకుని వచ్చాడు. కారు కంటే ముందు దాని చప్పుడు వచ్చింది. నీళ్లు లేని బోరులో మోటారు తిప్పినట్టుంది. బానెట్ ఎత్తితే కంపెనీ గొట్టం లేదు, నల్లటి నాలుగు గొట్టాలు.

"ఎక్కడ చేయించావయ్యా ఇవి?" అన్నాను.

"పర్చూరులో అండీ. ఆచారి గారని, పొగాకు బ్యారన్లకు గొట్టాలు చేస్తాడు. పేపర్లో బొమ్మ చూపిస్తే దించేశాడు."

పొగాకు ఎండబెట్టే బ్యారన్ తెలుసుగా? బయట పొయ్యి మండిస్తే ఆ వేడి పొగ లోపల రేకు గొట్టాల్లో తిరిగి పైనుంచి పోతుంది. ఆ గొట్టాలు చేసే ఆయన చేత కారుకు చేయించాడు మా వెంకట్.

"ఎందుకు చేయించావు?"

"పది హార్స్‌పవర్ పెరుగుద్దండీ."

"ఆ పదీ ఏం చేసుకుంటావు?"

"హైవే మీద అండీ..."

"తాడేపల్లి దాకా పోయి దోసె తిని వస్తావు. దానికి ఉన్న గుర్రాలు చాలవా?"

నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది. కానీ కస్టమరు. లైటు వెలుగుతోందని వచ్చాడు కాబట్టి చూడాలి.

ఆచారి గారు సెన్సర్‌ను కంపెనీ పెట్టినచోట కాక, అడుగు కిందకు, నాలుగు గొట్టాలూ కలిసేచోట పెట్టాడు. వైరు అందలేదు. వెంకట్ స్నేహితుడెవరో వైరు కోసి, ముక్కలు మెలిపెట్టి, టేపు చుట్టాడు. ఆ టేపు గొట్టం వేడికి బెల్లంపాకంలా కారింది. దాన్ని సరిచేయడానికి మస్తాన్‌ను పిలిచాను.

మస్తాన్ వలీది పొదిలి. నా కంటే పదేళ్లు చిన్న. ట్రాక్టర్ డైనమోలకు వైండింగ్ చుట్టే కొట్లో పని నేర్చుకుని, నా మాట మీదే మా షెడ్డుకు వచ్చాడు. మాట తక్కువ. జాయింటు వేస్తే రెండుసార్లు లాగి చూసి "ఊ" అని తనకు తానే చెప్పుకుని అప్పుడు స్లీవ్ తొడిగేవాడు. ఆ రోజు కాలిన ముక్కలన్నీ కోసి పారేసి, వేడికి ఆగే వైరు తెచ్చి, నాలుగు వైర్లకూ నాలుగు జాయింట్లు వేశాడు. ఒకదానికొకటి తగలకుండా ఎడంగా మెట్లుమెట్లుగా వేసి, గొట్టానికి దూరంగా క్లిప్పులు కొట్టాడు. అంత ముచ్చటైన పని నేను చేయలేను. నాలుగుసార్లు "ఊ" అన్నాడు, వెళ్లిపోయాడు.

నా తెలివి

స్కానర్ పెడితే పెట్రోలు తక్కువవుతోందని కోడ్ వచ్చింది. సెన్సర్ మార్చాను. పాతది చెత్త డబ్బాలో వేశాను. నాలుగు రోజులకు లైటు మళ్లీ వెలిగింది.

ఈసారి కిందకు దూరి చూశాను. గొట్టాలు ఇంజన్‌కు కలిసేచోటా, ఒకదాంట్లో ఒకటి దూరేచోటా మసి చారలు. లీకవుతోందన్నమాట. బయటకు పోయే పొగకూ సెన్సర్‌కూ ఏం సంబంధమని నా మనసు. కానీ చూడ్డానికి అసహ్యంగా ఉందని, ఇంజన్ పై మూతకు, అదే టాపెట్ కవరుకు, పూసే సిలికాన్ పేస్టు ట్యూబు తెచ్చి చారలున్న ప్రతిచోటా దట్టంగా పూశాను. ఎవరూ చెప్పలేదు. నా చేత్తో, నా వేలితో, నా సొంత తెలివితో పూశాను. రెండో సెన్సర్ కూడా బిగించాను.

రెండు వారాలు లైటు వెలగలేదు. మీసం తిప్పాను.

తర్వాత వెలిగింది. ఈసారి కోడ్ వేరు. సెన్సర్ నెమ్మదిగా స్పందిస్తోంది అని. కోడ్ మారిందంటే జబ్బు మారిందని ఆలోచించాలి. ఇది మీరు గోడ మీద రాసిపెట్టుకోండి. నేను ఆలోచించలేదు. సెన్సర్ ఊడదీస్తే దాని మొన మీద సున్నం వేసినట్టు తెల్లటి పూత. పెట్రోల్లో కల్తీ అని తిట్టుకుని, దాన్నీ చెత్త డబ్బాలో వేసి మూడో పెట్టె విప్పాను.

ఆ పెట్టెలో నాలుగు మడతల కాగితం ఉంది. ముందు రెండు పెట్టెల్లోనూ ఉండే ఉంటుంది. వాటితో చేతులు తుడుచుకున్నానేమో గుర్తు లేదు. ఇది మాత్రం బల్ల మీద విచ్చుకుని పడింది. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ బొమ్మకు ఇంగ్లీషు అక్కర్లేదు. ఒక పేస్టు ట్యూబు బొమ్మ, దాని మీద అడ్డంగా పెద్ద ఇంటూ మార్కు. పక్కన సెన్సర్ మొన బొమ్మ, తెల్లగా. కింద సిలికాన్ అనే మాట. అది చదవగలను.

ఆ పేస్టు వేడికి కాలి, దాని ఆవిరి గొట్టంలోకి పోయి, మంచి సెన్సర్‌ను గుడ్డిది చేసింది. చేసింది నేను. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది.

ఏసీ గదిలో

మేనేజరు గదిలో శేషయ్య గారు కూర్చుని ఉన్నారు. ఆయన మిర్చి వేలంపాటలో మాట్లాడే గొంతు ఏసీ గదిలో కూడా తగ్గలేదు.

"ఏందయ్యా ఇది? నెల్లో మూడుసార్లా? బండి బాగుచేస్తున్నారా, బండి మీద చదువుకుంటున్నారా? ఎవడు చేశాడో వాణ్ణి పిలవండి. నా ముందు పిలవండి."

మేనేజరుకు ఒక మనిషి కావాలి. పనిలో తప్పు ఎక్కడుందో అక్కర్లేదు, తప్పును తగిలించడానికి మనిషి కావాలి. మస్తాన్‌ను పిలిపించాడు.

"కంపెనీ వైరింగ్ కోయకూడదని రూల్ ఉంది. తెలుసా?"

"తెలుసు సార్. వచ్చేటప్పటికే కోసేసి ఉంది. కాలిపోయింది. నేను సరిచేశాను."

"మరి సెన్సర్ స్లో అని మిషన్ చెప్తోంది. వైర్లో జాయింట్లు వేస్తే స్లో అవ్వదా?"

వైర్లో కరెంటు నెమ్మదిగా నడుస్తుందట, దారిలో జాయింటు వస్తే ఆగి కాఫీ తాగి వెళ్తుందట! ఇంజనీరింగ్ చదివినవాడు అన్నమాట ఇది. మస్తాన్ నవ్వలేదు. "మీటరు పెట్టి చూడండి సార్. అరనిమిషం పని. నా జాయింటులో తేడా ఉంటే మీరు ఏమన్నా పడతా" అన్నాడు.

"కస్టమర్ ముందు నాకు పని చెప్తావా?"

అప్పుడు మస్తాన్ నా వైపు తిరిగాడు. "కోటయ్య గారూ, మీరు చూశారుగా. మీరు చెప్పండి."

దొంగకు తేలు కుట్టినట్టుంది నాకు. కాగితం చొక్కా జేబులో గుచ్చుకుంటోంది. బయటకు తీస్తే చాలు. మేనేజరు నన్ను అరుస్తాడు. శేషయ్య గారు నాలుగు తిడతారు. ఫోర్‌మన్ కుర్చీ పోవచ్చు, పోకపోవచ్చు కూడా. అన్నేళ్ల సర్వీసుకు అంత తేలిగ్గా తీసెయ్యరు. అవన్నీ ఆ క్షణంలో లెక్కేసుకున్నాను. కోటయ్య చేయి పెడితే తిరుగులేదని ఊళ్లో పేరు. కుర్చీ కంటే ఆ పేరే ఎక్కువ తీపి. ఒక ట్యూబు పేస్టు పూసి సెన్సర్ చంపాడట అని షెడ్డులో నవ్వుకుంటారన్న భయం.

"కంపెనీ వైరు కోయకుండా ఉంటే బాగుండేది" అన్నాను.

ఐదు మాటలు. అందులో అబద్ధం లేదు. అందుకే అంత నీచం.

మస్తాన్ ఒక్క క్షణం నా మొహం చూశాడు. శేషయ్య గారి ముందే మేనేజరు రేపటి నుంచి రావద్దన్నాడు. బండికి చేసిన పని రాసే జాబ్ కార్డులో తప్పు అనే గడిలో "వైరింగ్" అని రాయించి నాకు తోశాడు. నేను సంతకం పెట్టాను.

మస్తాన్ యూనిఫాం చొక్కా విప్పి, మడతపెట్టి స్టోరు బల్ల మీద పెట్టాడు. టెస్టరు జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ చెత్త డబ్బా దగ్గర ఆగి, వంగి, ఏదో తీసుకున్నాడు. నేను చూశాను, అడగలేదు.

తర్వాత అతను గుంటూరులో మరో రెండు వర్క్‌షాపులకు పోయాడని తెలిసింది. మా మేనేజరు ఫోన్లు చేసి మరీ చెప్పాడు, అతను వైర్లు కోసే మనిషి అని. ఎవరూ తీసుకోలేదు. పిల్లల్ని బడి మాన్పించి కుటుంబంతో పొదిలి పోయాడు. ఆ పిల్లల్లో పెద్దపిల్ల ఆ ఏడు పదో తరగతి. ఇది నాకు తెలుసు. ఎందుకంటే పుస్తకాలకు అట్టలు వేసింది ఆ ఏడు మా ఆవిడే.

బీడీ పొగ

మూడో సెన్సర్ బిగించే ముందు, ఎవరూ లేకుండా చూసి, పేస్టంతా గీకి, బ్రష్ కొట్టి, పెట్రోలుతో కడిగాను. దొంగతనం చేసినవాడు నేల తుడిచినట్టు తుడిచాను. వారం తిరక్కుండా లైటు వెలిగింది. మొదటి కోడే. పెట్రోలు తక్కువవుతోంది.

మస్తాన్‌ను పంపేశారు. ఇప్పుడు తప్పు ఎవరిది? మేనేజరు గది తలుపు వేసుకున్నాడు. "మీరే చూడండి కోటేశ్వరరావు గారూ" అన్నాడు.

కారు తీసుకుని పర్చూరు పోయాను. ఆచారిని నాలుగు దులిపెయ్యాలని పోయాను. నా కోపమంతా దించుకోవడానికి నాకూ ఒక మనిషి కావాలిగా.

ఆయన పాక ముందు బ్యారన్ గొట్టాలు వరసగా పేర్చి ఉన్నాయి. అరవై దాటిన మనిషి, చెవిలో బీడీ.

"ఏమండీ ఆచారి గారూ, ఇది కారనుకున్నారా, పొగాకు బ్యారన్ అనుకున్నారా?" అన్నాను దిగుతూనే.

"గొట్టం గొట్టమేగా అయ్యా. అందులోనూ పొగే, ఇందులోనూ పొగే."

"ఒకదాంట్లో ఒకటి దూర్చి వదిలేశారేం? వెల్డింగ్ పెట్టక్కర్లేదా?"

"బ్యారన్‌లో అట్టాగే దూరుస్తామండీ. వేడికి ఇనుము సాగుద్ది. బిగించేస్తే పగిలిద్ది."

"సందులోంచి పొగ బయటకు పోదా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్ల ఫోర్‌మన్‌ను, ఏ కుర్రాడూ నన్నట్టా చూడలేదు. "పొగ పోయేది తక్కువండీ. గాలి లోపలికి పోయిద్ది. ఆగండి, బండి చల్లారనివ్వండి, చూపిస్తా."

మజ్జిగ ఇప్పించాడు. బండి చల్లారింది. స్టార్ట్ చేయమన్నాడు. చెవిలో బీడీ తీసి వెలిగించి, సందు దగ్గర పెట్టాడు. బీడీ పొగ ఒకసారి ఇటు ఊగింది. మరుక్షణం సన్నటి దారంలా సందులోకి పోయింది. మళ్లీ ఊగింది, మళ్లీ పోయింది.

"చూశారా? ఒక గుక్క ఊదుద్ది, ఒక గుక్క పీలుద్ది. బ్యారన్ గొట్టం కట్టినప్పుడల్లా ఇట్టాగే చూస్తాం. బ్యారన్‌కు పీల్చినా పర్లేదు. మీ కారుకు పనికిరాదేమో నాకేం తెలుసు, ఎవరన్నా చెప్తేగా?"

అప్పటికి నాకు అర్థమైంది. సెన్సర్‌కు పైనున్న సందులోంచి బయటి గాలి లోపలికి పోతోంది. గాల్లో ఆక్సిజన్ ఉంది. సెన్సర్ దాన్ని చూసి, ఆక్సిజన్ ఎక్కువుందని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మొదటి రోజు నుంచీ నిజమే చెప్పింది. కారుతో వచ్చిన సెన్సరూ, నేను మార్చి వేసిన మొదటిదీ బంగారంలా ఉన్నాయి. రెండోదాన్ని నేను చంపాను. లీకంటే బయటకు పోయేదే అనుకున్నాను, లోపలికి వచ్చేది కూడా లీకే అని నాకు తట్టలేదు. బడి మొహం చూడని మనిషికి తట్టింది.

"ఇన్నాళ్లూ మరి ఏం చేశారండీ?" అన్నాడు ఆచారి.

"సెన్సర్లు మార్చాం."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "అదేందండీ! బ్యారన్‌లో ఆకు మాడితే థర్మామీటర్ మారుస్తారా ఎవరన్నా?"

ఈ ఒక్క మాట మీకు చేరితే చాలు. మిగతా కోడ్ల పుస్తకాలు మీరే చదువుకోండి. హెడర్లు వేసిన బండి సెన్సర్ కోడ్‌తో వస్తే ముందు సెన్సర్ పైనున్న ప్రతి అతుకూ చూడండి, బండి చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చేసి. తర్వాత వైరు వేడి గొట్టానికి తగులుతోందేమో చూడండి. సెన్సర్‌ను ఇంజన్‌కు మరీ దూరం పెట్టారేమో చూడండి, చల్లబడితే అది సరిగ్గా పని చేయదు. ఈ మూడూ చూశాక, అప్పటికీ తేలకపోతే, అప్పుడు సెన్సర్ పెట్టె విప్పండి. విప్పితే అందులోని కాగితం చదవండి.

ఆచారి గారు అరగంటలో సందులన్నీ వెల్డింగ్ పెట్టేశాడు. తిరిగి గుంటూరు వచ్చేసరికి లైటు లేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ కారు మా దగ్గరకే సర్వీసుకు వచ్చింది, లైటు మళ్లీ వెలగలేదు. మస్తాన్ వేసిన నాలుగు జాయింట్లూ అందులో అలాగే ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు.

మేనేజరు మీటింగు పెట్టాడు. "చూశారా? వైరింగ్ ప్రాబ్లం క్లియర్ చేశాం, కస్టమర్ హ్యాపీ. కోటేశ్వరరావు గారి అనుభవం" అని నా భుజం తట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వాళ్లను ఆపలేదు, ఏదో గొంతులో అడ్డం పడినట్టు దగ్గాను. నేను చేసిన ప్రతిఘటన అంతే.

పొదిలి

ఉద్యోగం దిగిపోయాక కొన్నాళ్లకు పొదిలి బస్సెక్కాను. మస్తాన్ కొట్టు వెతకనక్కర్లేకపోయింది. బస్టాండులో అడిగితే మొదటివాడే చూపించాడు. బోరు మోటార్లు, ట్రాక్టర్లు, నాలుగైదు కార్లు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడి, "రండి కోటయ్య గారూ, కూర్చోండి" అని కుర్చీ తుడిచాడు. ఆ కుర్చీ తుడవకుండా ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ మర్చిపోయి ఒక్కసారిగా చెప్పేశాను. పేస్టు నేనే పూశానని, కాగితం జేబులోనే ఉందని, అయినా నోరు మూసుకున్నానని.

అతను లేచి లోపలికి పోయి, మేకుకు వేలాడుతున్న ఒక వస్తువు తెచ్చి నా చేతిలో పెట్టాడు. సెన్సర్. మొన తెల్లగా ఉంది.

"ఆ రోజు డబ్బాలోంచి తీసుకున్నా. బానెట్ ఎత్తితే ఆ పేస్టు కాలిన వాసన వచ్చేది. షెడ్డులో ఆ ట్యూబు మీరే వాడతారు. నాకు గదిలోకి రాకముందే తెలుసండీ."

"మరి చెప్పలేదేం?"

"నేను చెప్తే తప్పించుకోడానికి పెద్దాయన మీదకు తోశాడంటారు. నన్ను పనిలో పెట్టిందే మీరు. మీరు చెప్తారనుకున్నా. అందుకే మీ వైపు తిరిగా."

అతను సెన్సర్ తిరిగి తీసుకుని, "ఇప్పుడెందుకు చెప్తున్నారండీ?" అన్నాడు.

"మనసు ఆగడం లేదు మస్తానూ."

"మీ మనసు కోసం వచ్చారన్నమాట." గొంతు పెంచలేదు. "నాకు తెలిసింది నాకే చెప్తే ఏం లాభమండీ? నేను చేతకానివాణ్ణని వాళ్లందరూ నమ్మారు. పోయి వాళ్లకు చెప్పండి."

టీ తెప్పించాడు. తాగాను. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

ఆ వర్క్‌షాపు ఇప్పుడు లేదు, చేతులు మారింది. మేనేజరు ఎక్కడున్నాడో తెలియదు. శేషయ్య గారు పోయారు. చప్పట్లు కొట్టినవాళ్లలో కొందరు ఇప్పుడు మీకు పని నేర్పుతున్న సీనియర్లు. వైరు కోసి ఉద్యోగం పోగొట్టుకున్నవాడి కథ వాళ్లు మీకు చెప్పే ఉంటారు, జాగ్రత్త కోసం. ఆ కథ మా షెడ్డు నుంచి పుట్టిందే.

కాబట్టి ఆ జాబ్ కార్డులో నేను సంతకం పెట్టిన గడిని ఇక్కడ కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. తప్పు: గొట్టం అతుకులో సందు. రెండో తప్పు: సిలికాన్ పేస్టు. పూసింది ఫోర్‌మన్ కోటేశ్వరరావు. మస్తాన్ వలీ వేసిన నాలుగు జాయింట్లలో ఏ తప్పూ లేదు.